ప్లేటింగ్ షాపుకు ఏ ఏప్రన్ కొనాలి? పగిలే పీవీసీ, బూట్లలో నీళ్ళు, ఉక్కపోత గురించి

మీరు అడిగింది ఇదీ: చెన్నై అంబత్తూరులో 12 మంది పనిచేసే, లోహాలకు పూత వేసే ప్లేటింగ్ షాపు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పికిలింగ్ (తుప్పు తీయడం), వేడి కాస్టిక్ సోడాతో డీగ్రీజింగ్ (జిడ్డు తీయడం), తర్వాత సైనైడ్ జింకు, నికెల్, ఒక చిన్న క్రోమ్ ట్యాంకు. 24 × 36 అంగుళాల పీవీసీ ఏప్రన్లు తెచ్చారు. మూడు నెలలకే మడతల దగ్గర పగిలాయి, తాడు దూర్చే చిల్లుల రింగులు (ఐలెట్లు) ఊడాయి, బూట్లలోకి నీళ్ళు దిగుతున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి కుర్రాళ్ళు విప్పి రైలింగు మీద పడేస్తున్నారు. ఇంకొంచెం మందంది కొంటే సరిపోతుందా?

సరిపోదు. మీరు చెప్పిన నాలుగు బాధల్లో మందం వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. పొడవు చాలక ఒకటి, కట్టే పద్ధతి వల్ల ఒకటి, కడిగి ఆరబెట్టే తీరు వల్ల ఒకటి, చెమట వల్ల ఒకటి. మందం పెంచితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది, మిగతా మూడూ అలాగే ఉంటాయి.

ఏప్రన్‌ని గోడలా కాకుండా ఇంటి కప్పులా చూడాలి. పైపెంకు కిందిపెంకు మీదికి వస్తేనే వాన నీరు జారి చూరు బయట పడుతుంది. ఎక్కడో ఒక పెంకు వెనక్కి జరిగితే అక్కడే ఇల్లు కారుతుంది. ప్లేటింగ్‌లో ఒంటి మీద పడేది ఎక్కువగా పెద్ద తుళ్ళింత కాదు. సామాను తగిలించే చట్రాన్ని, అంటే జిగ్గును, ట్యాంకులోంచి లేపి పక్క ట్యాంకుకి మార్చేటప్పుడు కారే బొట్లు. అవి ఛాతీ మీద పడి, పొట్ట మీదుగా జారి, కింది అంచు దగ్గర చేరి చుక్కలుగా రాలతాయి. ఆ చుక్క ఎక్కడ రాలుతుందో చూస్తే మీ ఏప్రన్ సంగతి సగం తెలిసిపోతుంది.

ముందు బూట్ల లెక్క చూద్దాం. 165 సెం.మీ. ఎత్తు మనిషి గమ్‌బూట్లు వేసుకుని నిలబడితే గొంతు గుంట నేల నుంచి సుమారు 138 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఏప్రన్ పైఅంచు దానికి ఓ 5 సెం.మీ. కింద, అంటే 133 దగ్గర మొదలవుతుంది. మీది 36 అంగుళాల పొడవు, అంటే 91 సెం.మీ. కింది అంచు నేలకి 42 సెం.మీ. ఎత్తులో ఆగిపోతుంది. 12 అంగుళాల బూటు పైఅంచు 30 దగ్గర ఉంటుంది. మధ్యలో 12 సెం.మీ., అర జానెడు పైచిలుకు, ఉత్త ప్యాంటు. రాలిన ప్రతి చుక్కా ఆ ప్యాంటు మీద పడి, బట్ట పీల్చుకుని, పిక్క వెంట బూటులోకి దిగుతుంది. బూటులోకి పోయిన యాసిడ్ నీళ్ళు సాయంత్రం దాకా అక్కడే నిలవుంటాయి. బయట పడిన చుక్క కన్నా ఇది ఎక్కువ హాని చేస్తుంది.

కింది అంచు బూటు పైఅంచు కన్నా కనీసం 10 సెం.మీ. కిందికి రావాలి. అంటే నేలకి 20 సెం.మీ. ఎత్తులో ఆగాలి. 133 లోంచి 20 తీసేస్తే 113 సెం.మీ. మీకు కావలసింది 45 అంగుళాల ఏప్రన్. ఎత్తరికి 48. పొట్టివాళ్ళకు 42 సరిపోతుంది, అంతకన్నా పొడవైతే ట్యాంకు పక్క మెట్టు ఎక్కేటప్పుడు అంచు కాలి కింద పడి తూలతారు. అందుకే 12 మందికీ ఒకే సైజు తేకండి, కనీసం రెండు సైజులు తీసుకోండి. కొలత బూట్లతోనే తీయాలి, చెప్పులతో తీస్తే లెక్క తప్పుతుంది. వెడల్పు 30 అంగుళాలకు తగ్గకూడదు. 24 అంగుళాలది ట్యాంకు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడితే తొడల పక్కన తెరుచుకుంటుంది.

ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకండి, బయటికే ఉంచండి. పైపెంకు కిందిపెంకు మీద. లుంగీ మీద ఏప్రన్ కట్టడం మన చుట్టుపక్కల చిన్న షాపుల్లో మామూలే గానీ, లుంగీ తడిని పైదాకా లాగి తొడకు అంటిస్తుంది. ఈ పనికి అది వద్దు.

కింది అంచును ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. కొన్ని ఏప్రన్లలో అంచు బయటివైపుకి మడిచి అతికిస్తారు. ఆ మడత చిన్న కాలువ. యాసిడ్ అందులో నిలబడి, మీరు వంగినప్పుడు ఒక్కసారిగా మోకాలి మీద పోస్తుంది. అంచు మడిచితే లోపలికే మడవాలి, లేదా మడత లేకుండా తిన్నగా కోసి ఉండాలి. ముందు జేబు ఉన్నది అసలు కొనవద్దు, అది యాసిడ్ గిన్నె. నడుము తాడు బిగించినప్పుడు పొట్ట మీద ముడతలు పడితే అక్కడా నీళ్ళు నిలుస్తాయి. తాడును నడుము సన్నం దగ్గర కాకుండా కాస్త కిందికి, తుంటి ఎముకల మీద కట్టుకుంటే ముడతలు పడవు.

ఇక పగుళ్ళు. పీవీసీ పుట్టుకతోనే బిరుసు, బోరు పైపు కూడా పీవీసీయే. ఏప్రన్‌ని మెత్తగా చేయడానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు, బరువులో మూడోవంతు దాకా కూడా ఉండొచ్చు. అది ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండదు, దారి దొరికితే బయటికి వెళ్ళిపోతుంది. ఎండ వేడి ఒక దారి. గ్రీజు, నూనె ఇంకొక దారి. అన్నిటికన్నా పెద్ద దారి కిరోసిన్, పెట్రోలు, థిన్నర్. మరకలు పోవాలని థిన్నర్‌తో తుడిచి, రేకుల మీద ఎండలో పరిచి, ఆరాక నాలుగు మడతలు పెట్టి ఇనుప అరలో పడేస్తే, ప్లాస్టిసైజర్ పోయిన పీవీసీ తిరిగి పైపు బిరుసుకి వచ్చేస్తుంది. రోజూ అదే మడత మీద మడిస్తే అక్కడే బీట పడుతుంది. మీ ఏప్రన్లు మడతల దగ్గర తప్ప ఇంకెక్కడా పగల్లేదని మీరే రాశారు. కాబట్టి యాసిడ్‌ని అనుమానించే ముందు కడిగే చోటు చూడండి. నా అంచనా అక్కడే తప్పు జరుగుతోందని.

మెటీరియల్ సంగతికి వస్తే, "యాసిడ్ ప్రూఫ్" అని ముద్ర వేసిన దాని మీద ఆధారపడవద్దు. ఏ యాసిడ్, ఎంత గాఢత, ఎంత వేడి అన్నది చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. మీ ట్యాంకుల వరసలో చెబుతాను.

పికిలింగ్‌లో హైడ్రోక్లోరిక్ మామూలుగా 10 నుంచి 18 శాతం గాఢతలో, గది వేడిలోనే ఉంటుంది. దీనికి పీవీసీ బాగా తట్టుకుంటుంది. ఇంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు. నికెల్, జింకు ట్యాంకుల దగ్గరా పీవీసీయే చాలు.

వేడి కాస్టిక్ దగ్గర కథ వేరు. 60 నుంచి 80 డిగ్రీల ట్యాంకు. కాస్టిక్ పీవీసీని తినదు గానీ, ఆ వేడి మెత్తబరుస్తుంది. మీద పడిన చుక్క వెంటనే చల్లారుతుంది, దానితో పెద్ద ఇబ్బంది లేదు. పనివాడు పొట్టను ట్యాంకు గోడకు ఆనించి నిలబడతాడు, అక్కడ ఏప్రన్ సాగి పలచబడుతుంది. పైగా డీగ్రీజింగ్ ట్యాంకు మీద నూనె తెట్టు తేలుతుంటుంది. ఇక్కడ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పూత వేసినది తీసుకోండి. వేడికి, కాస్టిక్‌కి, కొద్దిపాటి నూనెకి మూడింటికీ నిలుస్తుంది. ఆ ట్యాంకు దగ్గర ఇద్దరే ఉంటారు కాబట్టి ఖర్చు పెద్దగా పెరగదు. సహజ రబ్బరుది కాస్టిక్‌కి బాగానే ఉంటుంది గానీ నూనె తగిలితే ఉబ్బి జిగటగా అవుతుంది, ఎండ తగిలితే సన్నని బీటలు పడతాయి.

క్రోమ్ ట్యాంకులో ఉండేది క్రోమిక్ యాసిడ్, మామూలు బాత్‌లో (ట్యాంకు ద్రావణంలో) లీటరుకు సుమారు 250 గ్రాములు, 40 నుంచి 50 డిగ్రీల వేడి. ఇది ఆక్సిడైజర్. సహజ రబ్బరును, నైట్రైల్‌ను, తోలును, నూలు బట్టను తినేస్తుంది. పీవీసీ నిలుస్తుంది. ఇక్కడ ఏప్రన్ తెల్లదే తీసుకోమంటాను. క్రోమ్ బొట్టు నారింజ రంగులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నీలం మీద పడితే ఎవరికీ కనబడదు. ఆ యాసిడ్‌లో ఉండే హెక్సావేలెంట్ క్రోమియం చర్మం మీద చిన్న గీత దొరికినా పుండు చేస్తుంది, ఆ పుండు తొందరగా మానదు. ఊపిరితో లోపలికి పోతే క్యాన్సర్ కారకం. దానికి పొగను బయటికి లాగేసే ఎగ్జాస్టు కావాలి, ఏప్రన్ ఏమీ చేయలేదు.

అమ్మేవాళ్ళు పాలీయురేథేన్ ఏప్రన్లు కూడా చూపిస్తారు. తేలిక, మెత్తన, చిరగవు, వేసుకుంటే హాయిగా ఉంటాయి. కానీ గట్టి యాసిడ్‌కి, వేడి కాస్టిక్‌కి నిలవవు. కాశిమేడు చేపల షెడ్డుకి అవి మంచివి, మీ షాపుకి కాదు.

మందం 0.4 మి.మీ. సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ చాలామటుకు మోతబరువే. అది నిజంగా అంత ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. సాంపిలు ముక్కను సరిగ్గా 10 సెం.మీ. × 10 సెం.మీ. కోసి, 0.1 గ్రాము చూపించే చిన్న తూకం మీద పెట్టండి. వచ్చిన గ్రాములను 100తో గుణిస్తే జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. లోపల బట్ట లేని 0.4 మి.మీ. పీవీసీ షీటు ముక్క 5 గ్రాములు, కాస్త అటూ ఇటూ తూగాలి, అంటే 500 జీఎస్‌ఎం పైచిలుకు. 3 గ్రాములే తూగితే అది 0.4 కాదు, రేటు కూడా ఆ లెక్కనే ఇవ్వండి. లోపల పాలియెస్టర్ బట్ట పెట్టి రెండు వైపులా పూత వేసినది చిరగడానికి గట్టిగా ఉంటుంది, మేకు తగిలినా బారుగా చీలిపోదు. అయితే దాని కోసిన అంచు చూడండి. బట్ట దారాలు బయటికి కనిపిస్తుంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ దారాలు యాసిడ్‌ని లోపలికి పీలుస్తాయి, నెల తిరక్కుండా పూత పొరలుగా లేస్తుంది. అంచు సీలు చేసి ఉండాలి.

పెద్ద మొత్తం కొనే ముందు మీ బాత్‌లోనే పరీక్ష చేయండి. 5 సెం.మీ. ముక్కలు ఐదు కోసి, తూచి, సంఖ్య వేయండి. మూత వదులుగా పెట్టిన గాజు సీసాల్లో ఒక్కో ట్యాంకు ద్రావణం పోసి ఒక్కో ముక్క ముంచండి. వేడి ట్యాంకుల కోసం సీసా కాకుండా ముక్కనే ప్లాస్టిక్ తీగతో ట్యాంకులో వేలాడదీయవచ్చు. 24 గంటలకు ఒకసారి, 7 రోజులకు ఒకసారి తీసి, కడిగి, తుడిచి, తూచండి. బరువు 10 శాతం కన్నా ఎక్కువ మారినా, జిగట వచ్చినా, మడిస్తే పగిలినా, బిరుసెక్కినా ఆ రకం వద్దు. ఇది గ్లోవ్సు, కళ్ళద్దాలు పెట్టుకుని మీరే చేయాలి, హెల్పర్‌కి అప్పజెప్పవద్దు. ఒక్క జాగ్రత్త: ఈ పరీక్ష పనికిరానిదాన్ని పక్కన పెట్టడానికే. ముక్క చెక్కుచెదరకపోయినా కెమికల్ దాని గుండా మెల్లగా ఊరి రావచ్చు, దానికి తయారీదారు ఇచ్చే పర్మియేషన్ లెక్క కావాలి.

ఆ లెక్క అడిగేటప్పుడు మూడు మాటలు రాసి పంపండి: కెమికల్ పేరు, గాఢత, వేడి. యూరప్ ప్రమాణం ఈఎన్ 14605 కింద పరీక్షించినదైతే పీబీ 3 లేదా పీబీ 4 అని ఉంటుంది, పీబీ అంటే ఒంట్లో కొంత భాగాన్నే కప్పేదని. 3 అంటే ధారగా చిమ్మే ద్రవానికి, 4 అంటే తుంపరకు. పక్కన క్లాసు ఉంటుంది. క్లాసు 1 అంటే కెమికల్ ఊరి రాకుండా 10 నిమిషాల పైన ఆపింది, 3 అంటే 60 నిమిషాల పైన, 6 అంటే 480 నిమిషాల పైన. ఆ పరీక్షలు సాధారణంగా గది వేడిలో చేసేవి, మీ వేడి ట్యాంకు దగ్గర అంత సమయం ఆగదని అనుకునే వాడాలి. మన దేశంలో యాసిడ్, క్షారం తట్టుకునే రబ్బరు పూత ఏప్రన్లకు ఐఎస్ 4501 అనే ప్రమాణం ఉంది. చెన్నై ప్యారిస్ కార్నర్ వీధుల్లో అడిగితే చాలా దుకాణాలు కాగితం లేకుండానే "అదే క్వాలిటీ సార్" అంటాయి. కాగితం చూపించినవాడి దగ్గరే కొనండి.

ఇప్పుడు తాళ్ళు, ఐలెట్లు. మీకు ఊడిపోయిన ఐలెట్లు ఇత్తడివో ఇనుపవో అయి ఉంటాయి. యాసిడ్ ఆవిరికి ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి ఆకుపచ్చగా మారుతుంది, చుట్టూ ఉన్న పీవీసీ చినుగుతుంది. ట్యాంకులకు కరెంటు తెచ్చే లోహపు కడ్డీల (బస్‌బార్ల) దగ్గర లోహపు బకిల్స్ ఇంకో ప్రమాదం. వోల్టేజి తక్కువే అయినా కరెంటు వందల ఆంపియర్లు, రెండు బార్ల మధ్య లోహం ఆనితే నిప్పు రవ్వలతో ఎర్రగా కాలుతుంది. కాబట్టి ప్లాస్టిక్ ఐలెట్లు, ప్లాస్టిక్ బకిల్స్. తాడు పట్టే చెవులు కుట్టినవి కాకుండా వేడితో అతికించినవి చూడండి. ఛాతీ మీద, పొట్ట మీద ఎక్కడా సూది బెజ్జం ఉండకూడదు. ప్రతి కుట్టూ ఒక చిల్లే.

మెడ తాడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్ని ఏప్రన్లకు మెడ దగ్గర విప్పడానికి వీల్లేని ఉంగరంలా తాడు ఉంటుంది, తల మీంచి వేసుకోవాలి. ఛాతీ మీద యాసిడ్ పడ్డ మనిషి కంగారులో ఏం చేస్తాడు? తల మీంచి లాగేస్తాడు. ఛాతీ మీది యాసిడ్ మొత్తం గడ్డం, నోరు, కళ్ళ మీదుగా పైకి పోతుంది. మెడ దగ్గర ఒక చేత్తో నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్ తప్పనిసరి. లేకపోతే మీరే తాడు కోసి బకిల్ వేయించండి, కుట్టేవాడు పది నిమిషాల్లో వేసిస్తాడు. వెనక తాడు కూడా లాగితే ఊడే జారుముడి వేయాలి, రెండు ముళ్ళు వేయకూడదు. చిన్న సామాను వేసి తిప్పే బ్యారెల్ గేర్ల దగ్గర, మెరుగు పెట్టే బఫింగ్ చక్రం దగ్గర వేలాడే తాడు చుట్టుకుంటే మనిషిని లాక్కుపోతుంది. బఫింగ్ చేసేవాడికి ఈ ఏప్రన్ వద్దే వద్దు.

నెలకోసారి ఉత్త నీళ్ళతో అలవాటు చేయించండి. ఒకడి ఛాతీ మీద చెంబుడు నీళ్ళు పోసి, షవరు కిందికి పరుగెత్తి, నీళ్ళు పారుతుండగానే వెనక ముడి లాగి, మెడ బకిల్ నొక్కి, ఏప్రన్‌ని ముందుకి, కిందికి వదిలేయాలి. తల మీంచి లాగకూడదు. షవరు ట్యాంకుల నుంచి 10 సెకన్ల నడకలో ఉండాలి, దారిలో డబ్బాలు, జిగ్గులు పెట్టకూడదు. నిజంగా పడితే కనీసం 15 నిమిషాలు నీళ్ళు పారాలి. అర్ధ నిమిషం కడిగి "పోయిందిలే" అనుకోవడం వల్లే కాలిన గాయాలు లోతుగా దిగుతాయి.

గ్లోవ్సు అంచు గురించి ఒక మాట. పెంకుల లెక్క చేతులకు వచ్చేసరికి తలకిందులవుతుంది. చేతులు ఎప్పుడూ కిందికే ఉండే పనికి చొక్కా చేయి గ్లోవ్ మీదికి రావాలి. జిగ్గును తల ఎత్తు దాకా లేపే పనికి చేయి పైకి పోతుంది, బొట్టు మోచేతి వైపు పారుతుంది, అప్పుడు గ్లోవే చొక్కా చేయి మీదికి రావాలి. మీ షాపులో రెండోదే ఎక్కువ. 35 సెం.మీ. కన్నా పొడవైన గ్లోవ్ తీసుకుని, దాని అంచును బయటికి ఓ 4 సెం.మీ. మడిచి ఉంచండి. పారివచ్చిన బొట్టు ఆ మడతలో ఆగుతుంది. ఏప్రన్ కింది అంచుకు చెడ్డదైన మడత ఇక్కడ మంచిది. చేయి దించే ముందు మడతలోది ట్యాంకులోకి ఒంపేయాలి.

ఉక్కపోత. చెన్నైలో ఏప్రన్ విప్పి పడేసే కుర్రాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు, కత్తిరి ఎండల్లో ఆ రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కట్టుకుని నిలబడటం నిజంగా కష్టం. చేయగలిగినవి ఇవి. ఒకటి, మెడ మీద బరువు తీసేయండి. మెడకు వేలాడే రకం కాకుండా వీపు మీద ఇంటూ ఆకారంలో పట్టీలు వచ్చే రకం తెస్తే బరువు భుజాల మీద పడుతుంది, వీపు తెరిచే ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది. 30 × 45 అంగుళాల 0.4 మి.మీ. ఏప్రన్ సుమారు 450 గ్రాములు. సన్నని తాడు మీద వేలాడితే ఆ కాస్త బరువే మెడ కోసేస్తుంది. ఒంటి మీద నేరుగా వేసుకోనివ్వద్దు, లోపల పొడి నూలు బనియన్, చొక్కా ఉండాలి, మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకో బనియన్. ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటేనే చెమటకాయలు, ఒరుపులు వస్తాయి.

రెండు, ట్యాంకుల వరస బయట నీడలో ఏప్రన్ తగిలించే కొక్కెం, కుళాయి, తాగే నీళ్ళు ఒకే చోట పెట్టండి. ఎండాకాలం ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు గానీ ఉప్పేసిన పల్చటి మజ్జిగ గానీ తాగాలి. ఏప్రన్, గ్లోవ్సు విప్పి చేతులు కడుక్కున్నాకే. ట్యాంకు పక్కన గ్లాసు ఉండకూడదు. పెడస్టల్ ఫ్యాను ట్యాంకుల మీదుగా వీచేలా పెట్టవద్దు. అది ఎగ్జాస్టు లాక్కోవాల్సిన పొగను మనిషి ముఖం మీదికి తోస్తుంది. ఫ్యాను విశ్రాంతి చోట పెట్టండి.

కడగడం ఒంటి మీద ఉండగానే మొదలవ్వాలి. షిఫ్టు అయ్యాక గ్లోవ్సు, బూట్లు అలాగే ఉంచి, మెల్లని ధారతో పైనుంచి కిందికి రెండు నిమిషాలు కడగండి. జోరుగా కొడితే పక్కవాడి మీద చిందుతుంది. తర్వాత వెనక ముడి, మెడ బకిల్ విప్పి, బయటి ముఖం లోపలికి వచ్చేలా పట్టుకుని తీయాలి. గ్లోవ్సు చివర్న. ఆ తర్వాత మామూలు సబ్బు నీళ్ళతో, గోరువెచ్చన దాటకుండా, మెత్తని బ్రష్‌తో రెండు వైపులా కడిగి, తడి ముఖం మీద పీహెచ్ కాగితం అంటించండి. 6 నుంచి 8 మధ్య వస్తే చాలు. బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రవం దగ్గరికి రానివ్వద్దు, యాసిడ్ మిగిలిన ఏప్రన్ మీద అది పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆరబెట్టేది నీడలో, లావుపాటి పైపు మీద, మడత లేకుండా. మేకుకి తగిలిస్తే ఆ ఒక్క చోటే సాగి చినుగుతుంది. కడిగిన నీళ్ళు మీ ఈటీపీలోకే (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటులోకే) పోవాలి, వీధి కాలువలోకి కాదు.

సైనైడ్ జింకు ఉంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. పికిలింగ్ దగ్గర యాసిడ్‌తో తడిసిన ఏప్రన్ సైనైడ్ ట్యాంకు దగ్గరికి పోకూడదు, అక్కడిది ఇక్కడికీ రాకూడదు. సైనైడ్, యాసిడ్ కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. పికిలింగ్‌కి నీలం, సైనైడ్‌కి ఆకుపచ్చ, క్రోముకి తెలుపు అని రంగులు పెట్టండి. మూడింటికీ కొక్కేలు వేరు, కడిగే తొట్లు వేరు, బ్రష్షులు కూడా వేరు. సైనైడ్‌వి, యాసిడ్‌వి ఒకే తొట్టిలో నానబెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

వారానికోసారి, కడిగి ఆరాక, ఏప్రన్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూడండి, సూదిమొన చిల్లు కూడా చుక్కలా మెరుస్తుంది. ముదురు రంగుదైతే వెలుతురు కనబడదు. అప్పుడు పొట్ట, తొడ భాగాన్ని సంచిలా పట్టి రెండు లీటర్ల నీళ్ళు పోసి, కింద పొడి న్యూస్‌పేపర్ పెట్టి పది నిమిషాలు ఆగండి. కాగితం మీద మచ్చ పడితే ఆ ఏప్రన్ పని అయిపోయింది. మడత దగ్గర తెల్లగీత, జిగట, బిరుసు, బట్ట బయటపడటం, కడిగినా పోని వాసన కనిపించినా అంతే. సొల్యూషన్ పూసి అతుకు వేయవద్దు. లోపలి వైపు మార్కర్‌తో ఇచ్చిన తేదీ, ట్యాంకు పేరు రాస్తే ఆరు నెలల్లో మీ షాపులో ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో మీకే తెలుస్తుంది, ఆ తర్వాత పగిలేదాకా ఆగకుండా ముందే మార్చవచ్చు. తీసేసినదాన్ని నిలువునా రెండుగా కోయండి, లేకపోతే మర్నాడు అదే మళ్ళీ ఒంటి మీదికి వస్తుంది. క్రోము, సైనైడ్ తగిలినవి ప్రమాదకర వ్యర్థాల డ్రమ్ములోకి వెళ్ళాలి, పాత సామాన్ల వాడికి వేయకూడదు.

ఎన్ని కొనాలంటే, మనిషికి రెండు. ఒకటి ఆరుతుండగా ఇంకొకటి ఒంటి మీద. మీ 12 మందికి 24, అందులో నియోప్రీన్‌వి 4, పైన విజిటర్లకు, కొత్తవాళ్ళకు 3. ఖర్చు ఎవరి జీతంలోనూ కోయవద్దు. కోస్తే చిరిగిన సంగతి మీకు ఎవరూ చెప్పరు. మొత్తం ఒకేసారి కాకుండా ముందు నాలుగు తెచ్చి రెండు వారాలు వాడించి, అంచు ఎక్కడ కారుతోందో చూసి మిగతావి ఆర్డరు పెట్టండి.

డబ్బాల్లోంచి గాఢ యాసిడ్ ట్యాంకులోకి పోసే పనికి ఈ ఏప్రన్ ఒక్కటీ చాలదు. చేతులు, వీపు, ముఖం తెరిచే ఉంటాయి. దానికి పూర్తి సూటు, ఫేస్‌షీల్డు, కింద గాగుల్స్, చేతి పంపు. నీళ్ళలోకే యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు.

స్టెయిన్‌లెస్ స్టీల్ పని కూడా తీసుకుంటున్నామని చివర్లో రాశారు. దానికి పికిలింగ్ పేస్టు వాడుతున్నారా? అందులో చాలావాటిలో నైట్రిక్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. డబ్బా మీద చూడండి. అదైతే పైన చెప్పిన లెక్కలు దానికి వర్తించవు. పలచటిదైతే మొదట మంట కూడా తెలియకుండా చర్మం లోపలికి దిగి, గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ షాపులో లేకుండా, దగ్గరి ఆసుపత్రికి ముందే చెప్పి ఉంచకుండా ఆ డబ్బా మూత తీయవద్దు.